ఎందుకు తీశారని అడగొద్దట: టెక్సస్ లైబ్రరీలు, క్యాంపస్‌ల కథ

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరానికి వాయవ్యంగా లానో అనే కౌంటీ (మన జిల్లాలాంటిది) ఉంది. జనాభా 20 వేల పైచిలుకు. ఉన్నవి మూడు చిన్న ప్రజా గ్రంథాలయాలు. 2021లో అక్కడి అల్మరాల్లోంచి 17 పుస్తకాలు మాయమయ్యాయి. వాటిలో ఏడు చిన్నపిల్లలవి. పిర్రల మీద, పిత్తుల మీద రాసిన నవ్వులాట పుస్తకాలు. కొన్ని ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి, లైంగికత గురించి చెప్పేవి. ఒకటి నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ పుట్టుక మీద రాసిన చరిత్ర. ఇంకొకటి ఇసబెల్ విల్కర్సన్ రాసిన ‘కాస్ట్’. అమెరికాలోని జాతి వివక్షను మన దేశపు కుల వ్యవస్థతోనూ, నాజీ జర్మనీతోనూ పక్కపక్కన పెట్టి చూసిన పుస్తకం అది.

పిత్తుల పుస్తకమూ కులం పుస్తకమూ ఒకే జాబితాలోకి ఎలా వచ్చాయి? పాఠకుడికి సహజంగా వచ్చే అనుమానం ఇది. దాదాపు నాలుగేళ్ల కోర్టు పోరాటం తర్వాత తేలిందేమిటంటే, ఆ అనుమానంతో కోర్టు మెట్లెక్కే హక్కు పాఠకుడికి లేదని. కనీసం టెక్సస్, లూసియానా, మిసిసిపీ రాష్ట్రాల్లో ఇప్పుడు చట్టం ఇదే.

సెన్సార్‌షిప్ అనగానే నిషేధం, జప్తు, పుస్తకాల మంటలు గుర్తుకొస్తాయి. టెక్సస్‌లో జరుగుతున్నది అంత చప్పుడు చేసే వ్యవహారం కాదు. అంతా రూల్స్ ప్రకారమే నడుస్తుంది. కమిటీలు ఉంటాయి, టైమింగ్స్ ఉంటాయి, ఫారాలు ఉంటాయి. ఆ రూల్ వెనక ఉన్న కారణం ఏమిటో చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఒక్కొక్కచోటా ఊడిపోతోంది. లైబ్రరీ గొడవనీ క్యాంపస్ గొడవనీ విడివిడిగా చూస్తే ఈ సంగతి సరిగ్గా కనపడదు.

లానోలో ఏం జరిగింది

2021 అక్టోబరులో టెక్సస్ శాసనసభ్యుడు మాట్ క్రాస్ దాదాపు 850 పుస్తకాల జాబితా ఒకటి తయారుచేసి స్కూలు డిస్ట్రిక్టులకు పంపారు. ఇవి మీ దగ్గర ఎన్ని కాపీలున్నాయి, వాటి మీద ఎంత ఖర్చుపెట్టారు అని అడిగారు. అది స్కూళ్ల కోసం తయారైన జాబితా. దాన్ని పట్టుకుని లానోలో కొందరు పౌర గ్రంథాలయం మీద పడ్డారు. అంతకుముందే పిత్తుల పుస్తకాల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. కౌంటీ అధికారులు లైబ్రరీని మూడు రోజులు మూసి పిల్లల సెక్షన్ పుస్తకాలు తనిఖీ చేయించారు. అభ్యంతరం వచ్చిన ఒకటి రెండు ఈ-పుస్తకాలను విడిగా తీయడం కుదరకపోయేసరికి, వేల పుస్తకాలున్న ఆన్‌లైన్ సర్వీసునే ఆపేశారు. 2022 జనవరిలో పాత లైబ్రరీ బోర్డు రద్దయి కొత్తది వచ్చింది. ఫిర్యాదులు చేసినవాళ్లలోంచే కొందరు అందులో సభ్యులయ్యారు. పుస్తకాలు తీయనన్న ఒక బ్రాంచి లైబ్రేరియన్ ఉద్యోగం ఆ మార్చిలో పోయింది.

కౌంటీ చెప్పుకున్న సమర్థన ఒక్కటే: ఇది కలుపుతీత. ఏ లైబ్రరీ అయినా ఏటా ఈ పని చేస్తుంది. చిరిగిపోయినవి, కాలం చెల్లినవి, ఎవరూ తీసుకోనివి ఏరి పక్కన పెడుతుంది. దీనికి అమెరికాలో ఎక్కువగా వాడే పద్ధతిని రూపొందించింది టెక్సస్ రాష్ట్ర గ్రంథాలయ శాఖే. పుస్తకం తప్పుదోవ పట్టించేలా ఉందా, పాడైపోయిందా, కొత్త ఎడిషన్ వచ్చిందా, వేరేచోట తేలిగ్గా దొరుకుతుందా అని చూసుకుంటూ పోతారు. అయితే విల్కర్సన్ పుస్తకం 2020లో వచ్చింది. మరుసటి ఏడాదికే దానికి కాలం చెల్లిందనడం ఎవరికీ మింగుడుపడే మాట కాదు.

2022 ఏప్రిల్‌లో ఏడుగురు పాఠకులు కేసు వేశారు. అప్పుడొక తమాషా జరిగింది. ఎవరో దానం చేశారంటూ ఆ 17 పుస్తకాలూ లైబ్రరీకి తిరిగొచ్చాయి. కానీ అల్మరాలోకి కాదు. కౌంటర్ వెనక ఉంచారు. కేటలాగులో వాటి పేరు ఉండదు. బయట బోర్డు కూడా ఉండదు. ఆ పుస్తకం అక్కడుందని ముందే తెలిసి, వెళ్లి నోరు తెరిచి అడిగితే ఇస్తారు. ఇక ఇబ్బందేముంది, పుస్తకాలు ఉన్నాయిగా అన్నది కౌంటీ వాదన. లైబ్రరీ వాడినవాళ్లకు ఇందులోని మెలిక ఇట్టే తెలిసిపోతుంది. ఒకదాని కోసం వెళ్లి పక్కనున్న ఇంకోటి తీసుకురావడమే లైబ్రరీకి వెళ్లడంలో సగం లాభం. ఒంటి గురించి అనుమానాలున్న పదమూడేళ్ల అమ్మాయి కౌంటర్ దగ్గరికెళ్లి, ఊరంతా తెలిసిన ఉద్యోగిని ఆ పుస్తకం అడుగుతుందని ఎవరైనా నమ్ముతారా?

2023 మార్చి 30న ఆస్టిన్ ఫెడరల్ జడ్జి రాబర్ట్ పిట్‌మన్ పుస్తకాలను 24 గంటల్లో తిరిగి పెట్టమన్నారు. రెండు వారాలకే కౌంటీ కమిషనర్లు ప్రత్యేక సమావేశం పెట్టి, అసలు లైబ్రరీలనే మూసేద్దామా అని చర్చించారు. జనం గట్టిగా అడ్డుపడటంతో ఆ ఆలోచన మానుకున్నారు. అప్పీలుకు వెళ్తే 2024 జూన్‌లో ముగ్గురు జడ్జీల బెంచి 17లో 8 పుస్తకాలకే రక్షణ ఇచ్చింది. ఆపైన ఆ మూడు రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్ల కోర్టయిన ఫిఫ్త్ సర్క్యూట్ పూర్తి బెంచి కూర్చుని 2025 మే 23న 10-7 తేడాతో మొత్తం తిరగేసింది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసు వినడానికి ఒప్పుకోలేదు.

‘ఊపిరి పీల్చుకోండి’

మెజారిటీ తీర్పు రాసిన జడ్జి స్టువర్ట్ కైల్ డంకన్ శైలి ఘాటైనది. అందరూ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకోండి, ఇక్కడ ఎవరూ పుస్తకాలు నిషేధించడం లేదు, తగలబెట్టడం లేదు అని వెటకారం ఆడారు. లైబ్రరీలో పుస్తకం లేకపోతే ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసుకోవచ్చు, షాపులో కొనుక్కోవచ్చు, స్నేహితుణ్ని అడిగి తెచ్చుకోవచ్చు అన్నారు. ప్రజల సొమ్ముతో నడిచే లైబ్రరీలో ఫలానా పుస్తకం ఉండితీరాలని అడిగే హక్కు రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదని తేల్చారు. అంతటితో ఆగకుండా, లైబ్రరీలో ఏం ఉంచాలో ఎంచుకోవడం ప్రభుత్వం తన మాట తాను చెప్పుకోవడమే అని కూడా రాశారు, ఈ భాగానికి మాత్రం బెంచిలో మెజారిటీ దొరకలేదు. ప్రభుత్వం తన గొంతుతో తాను మాట్లాడేటప్పుడు అవతలి పక్షానికి చోటివ్వాలన్న నియమం అమెరికా చట్టంలో లేదు. కాబట్టి ఆయన లెక్కలో ఎందుకు తీశారన్న ప్రశ్నకు విలువ లేదు.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఏ లైబ్రరీకైనా చోటు తక్కువ, డబ్బు తక్కువ. వచ్చే పుస్తకాలు వేలల్లో. కొనని ప్రతి పుస్తకానికీ కారణం చెప్పమంటే ఏ లైబ్రేరియనూ ఉద్యోగం చేయలేరు. కొనకపోవడం తప్పు కానప్పుడు, కొన్నదాన్ని తీసేయడం మాత్రం ఎలా తప్పవుతుంది? జడ్జీలు అల్మరాల ముందు నిలబడి ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చడం కుదిరే పనేనా? డంకన్ అడిగినవి ఇవే. విడివిడిగా చూస్తే ప్రతి ప్రశ్నా సబబుగానే ఉంటుంది.

తేడా మరోచోట ఉంది. కొనకపోవడం వెనక లక్ష కారణాలుంటాయి, వాటి జాడ ఎక్కడా దొరకదు. తీసేయడం అలా కాదు. పుస్తకం నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు. మధ్యలో ఎవరో ఈమెయిల్ పంపారు, ఎవరో మీటింగ్ పెట్టారు, ఎవరో సంతకం చేశారు. లానో కేసులో ఆ ఈమెయిళ్లన్నీ కోర్టు రికార్డులోకెక్కాయి. నచ్చని ఆలోచనను తొక్కేయడానికే తీశారా, లేక నిజంగానే పుస్తకం పాతబడిందా అన్నది సాక్ష్యంతో తేలే విషయం. పిట్‌మన్ చేసింది ఆ పనే. పై కోర్టు ఆ సాక్ష్యం తప్పనలేదు, దానితో పనిలేదంది.

ఇదే ప్రశ్న మీద సుప్రీంకోర్టు 1982లో ఒక దారి చూపించింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఐలాండ్ ట్రీస్ స్కూలు బోర్డు సభ్యులు 1975లో ఒక సదస్సుకెళ్లి, ‘అభ్యంతరకర’ పుస్తకాల జాబితా తెచ్చుకున్నారు. ఒక రాత్రి వాళ్లలో ఇద్దరు హైస్కూలు లైబ్రరీలోకి వెళ్లి కార్డు కేటలాగు తిరగేశారు. జాబితాలోని పుస్తకాల్లో తొమ్మిది అక్కడున్నట్టు తేలింది. అవి అమెరికాకు వ్యతిరేకం, క్రైస్తవానికి వ్యతిరేకం, యూదులకు వ్యతిరేకం, పచ్చి బూతు అని బోర్డు ప్రకటన ఇచ్చింది. తీసేసిన వాటిలో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ ఆత్మకథ ఉంది. రష్యాలో ఒక యూదు పనివాడిపై మోపిన అబద్ధపు కేసు గురించి బెర్నార్డ్ మలముడ్ రాసిన నవల కూడా ఉంది. యూదు రచయిత రాసిన ఆ నవల యూదు వ్యతిరేకం ఎలా అయిందో బోర్డుకే తెలియాలి. స్టీవెన్ పికో అనే విద్యార్థి, మరికొందరు కలిసి కేసు వేశారు. అందులోని ఆలోచనలు నచ్చలేదన్న కారణంతో బోర్డు పుస్తకాలను తీసేయడం కుదరదని జస్టిస్ బ్రెన్నన్ రాశారు.

పికో తీర్పులో బలహీనత అప్పుడే ఉంది. బ్రెన్నన్ అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించిన జడ్జీలు అయిదుగురు లేరు. ఫలితం 5-4, కానీ సూత్రానికి మెజారిటీ లేదు. నలభై ఏళ్లు అందరూ ఆ తీర్పును గౌరవించారే తప్ప దానికి గట్టి పునాది పడలేదు. ఫిఫ్త్ సర్క్యూట్ ఆ సందు పట్టుకుంది. అయోవా వైపు అప్పీళ్ల కోర్టయిన ఎయిత్ సర్క్యూట్ మాత్రం 2024 ఆగస్టులో అయోవా స్కూళ్ల కేసులో, లైబ్రరీలోంచి పుస్తకాలు తీయడాన్ని ప్రభుత్వం సొంత మాటగా చూడలేమంది. అంటే అయోవాలో ఒక న్యాయం, టెక్సస్‌లో ఒక న్యాయం. సుప్రీంకోర్టు కల్పించుకోనంతకాలం ఈ తేడా ఇలాగే ఉంటుంది.

లానో తీర్పుతో విభేదించిన జడ్జి స్టీఫెన్ హిగిన్సన్, తమ కోర్టు పుస్తకాలు తగలబెట్టేవాళ్లతో చేతులు కలపకూడదని రాశారు. ఆ మాట ఆయన సొంతం కాదు. 1953 జూన్‌లో డార్ట్‌మత్ కాలేజీ పట్టాల పండుగలో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ అన్నది. కమ్యూనిస్టులనే అనుమానంతో రచయితల పుస్తకాలను విదేశాల్లోని అమెరికా లైబ్రరీల్లోంచి తీయిస్తున్న సెనేటర్ మెకార్తీ రోజులవి. ఐసెన్‌హోవర్ పుట్టింది టెక్సస్‌లోనే, డెనిసన్ అనే ఊళ్లో.

ఇక అంకెల విషయం. స్కూళ్లలో పుస్తకాల తొలగింపులను లెక్కపెట్టే పెన్ అమెరికా సంస్థ, 2023-24 విద్యా సంవత్సరంలో 10,046 సంఘటనలు నమోదు చేసింది. మరుసటి ఏడాది 6,870. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. పరిశీలన కోసం కొన్నాళ్లు పక్కన పెట్టినదాన్ని కూడా ఆ సంస్థ నిషేధం కిందే లెక్కేస్తుంది, అవతలివాళ్లు తప్పుపట్టేది దాన్నే. వాళ్ల అభ్యంతరంలో కొంత నిజం ఉంది. అయితే పరిశీలన పేరుతో రెండేళ్లు స్టోర్ రూములో పడి ఉన్న పుస్తకాన్ని ఏమనాలో వాళ్లూ చెప్పరు.

పది దాటితే మాట్లాడొద్దు

లానో నుంచి నాలుగు గంటలు కారులో వెళ్తే డాలస్. ఆ పక్కనే రిచర్డ్‌సన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్ ఉంది. హైదరాబాద్, విజయవాడ, వరంగల్‌లలో ఎంఎస్‌కు వెళ్లే పిల్లల ఇళ్లలో ‘యూటీడీ’ అంటే విడమరచి చెప్పక్కర్లేదు. ఆ క్యాంపస్‌లో మూడు పెద్ద బండరాళ్లు ఉండేవి. 2008 నుంచి విద్యార్థులు వాటి మీద ఇష్టమొచ్చిన రంగులు వేసుకునేవాళ్లు. ఇవాళ ఒకరి పుట్టినరోజు, రేపు ఒక క్లబ్బు ప్రచారం, ఎల్లుండి వాటి మీద ఇంకో రంగు. 2023 అక్టోబరు తర్వాత వాటి మీదికి ఇజ్రాయెల్, పాలస్తీనా నినాదాలు వచ్చాయి. ఒక పక్షం రాస్తే ఇంకో పక్షం దాని మీద పూసేసేది. నవంబరులో ఒకరోజు పొద్దున్నే చూస్తే రాళ్లు లేవు. వాటి చోట చెట్లు నాటారు. సాగదీసే రాజకీయ చర్చల కోసం ఆ రాళ్లు పెట్టలేదని యూనివర్సిటీ మెయిల్ పంపింది.

ఏ నినాదాన్నీ నిషేధించలేదు, రెండు పక్షాలకూ సమానంగానే చోటు పోయింది. లైబ్రరీని మూసేస్తే ఏ పుస్తకం మీదా వివక్ష చూపినట్టు కాదు కదా, సరిగ్గా అలాంటి సమానత్వమే ఇది.

ఇందులో ఒక పాత మెలిక ఉంది. 2019లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ యూనివర్సిటీల ఆరుబయలు స్థలాల్లో ఎవరైనా తమ అభిప్రాయం చెప్పుకోవచ్చని, యూనివర్సిటీలు అడ్డుకోకూడదని దాని సారం. కన్సర్వేటివ్ వక్తలను విద్యార్థులు అడ్డుకుంటున్నారన్నది అప్పటి ఫిర్యాదు. గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఉత్సాహంగా సంతకం పెట్టారు. 2024 ఏప్రిల్ 24న ఆస్టిన్ క్యాంపస్‌లో పాలస్తీనా అనుకూల విద్యార్థులు గుమిగూడితే, అదే గవర్నర్ హయాంలో రాష్ట్ర పోలీసులు గుర్రాల మీద వచ్చారు. 57 మందిని అరెస్టు చేశారు. నిలబడే ఆధారాలు లేవంటూ కౌంటీ అటార్నీ ఆ కేసులను వదిలేశారు. వారం తిరిగేసరికి యూటీడీలోనూ 21 మంది అరెస్టయ్యారు. వాటి వార్తలు రాసిన విద్యార్థి పత్రిక ఎడిటర్‌ను ఆ సెప్టెంబరులో పదవి నుంచి తీసేస్తే, సిబ్బంది సమ్మె చేసి బయటికొచ్చి ‘ది రెట్రోగ్రేడ్’ పేరుతో సొంత పత్రిక పెట్టుకున్నారు.

2025లో అదే శాసనసభ 2019 చట్టాన్ని తిరగరాసింది. సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ప్రభుత్వ క్యాంపస్‌లలో రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా ‘భావ వ్యక్తీకరణ’ను యూనివర్సిటీలు నిషేధించాలి. సెమిస్టర్ చివరి రెండు వారాల్లో బయటి వక్తలను పిలవకూడదు, మైకులు, డప్పులు వాడకూడదు. రాసినవాళ్ల మనసులో ఉన్నవి నిరసన శిబిరాలు. కానీ చట్టంలో రాసుకున్న మాట ‘భావ వ్యక్తీకరణ’. దాని కిందికి టీషర్టు మీది నినాదం వస్తుంది, హాస్టల్ మెట్ల మీద రాజకీయాల కబుర్లు వస్తాయి, అర్ధరాత్రి ప్రార్థన వస్తుంది, రాత్రి పదకొండుకి వార్త పోస్ట్ చేసే విద్యార్థి పత్రికా వస్తుంది. అందుకే కోర్టుకెళ్లినవాళ్లలో రెట్రోగ్రేడ్ ఉంది, యూటీడీలోని ఒక క్రైస్తవ విద్యార్థి సంఘం కూడా ఉంది. పాలస్తీనా శిబిరాల కోసం పన్నిన వల ముందుగా ఎవరిని పట్టిందో చూస్తే నవ్వొస్తుంది. 2025 అక్టోబరులో ఫెడరల్ జడ్జి డేవిడ్ ఎజ్రా దాని అమలును ఆపేస్తూ, వాక్ స్వాతంత్ర్యానికి రాత్రి పదింటికి పడుకునే వేళ లేదని రాశారు.

వేళలు, స్థలాలు నిర్ణయించే అధికారం యూనివర్సిటీలకు ఉండటం కొత్తేమీ కాదు. 1964లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు వాక్ స్వేచ్ఛ ఉద్యమంలో గెలిచినప్పుడు, డిసెంబరు 8న అధ్యాపకుల సెనేట్ 824-115 ఓట్లతో చేసిన తీర్మానమే ఆ సూత్రానికి ఒప్పుకుంది. ఏం మాట్లాడుతున్నారో యూనివర్సిటీ పట్టించుకోకూడదు, చదువు సాగేలా సమయం, స్థలం, పద్ధతి మాత్రం సర్దుకోవచ్చు. అది విద్యార్థుల గెలుపు. అరవై ఏళ్ల తర్వాత ఆ సర్దుబాటే ఆయుధమైంది. పరీక్షల ముందు డప్పులు వద్దనడం సబబే. ఒక గొడవ జరిగిన మరుసటి సంవత్సరమే, ఆ గొడవ చేసినవాళ్ల పద్ధతులన్నిటినీ ఒక్కొక్కటిగా పేర్కొంటూ చేసిన రూల్ విషయం మాత్రం పట్టించుకోదంటే నమ్మడం కష్టం.

లైబ్రరీ, క్యాంపస్ రెండూ ఒకేచోట కలిసింది హార్వర్డ్‌లో. 2024 సెప్టెంబరులో కొందరు విద్యార్థులు అక్కడి వైడ్‌నర్ లైబ్రరీ రీడింగ్ రూములో కూర్చుని, ల్యాప్‌టాప్‌లకు నిరసన కాగితాలు అంటించుకుని చదువుకున్నారు. ఒక్కరు కూడా మాట్లాడలేదు. వాళ్లను రెండు వారాలు ఆ లైబ్రరీలోకి రానివ్వలేదు. అక్టోబరులో దాదాపు 25 మంది ప్రొఫెసర్లు అదే గదిలో అలాగే కూర్చుంటే, వాళ్లకూ అదే శిక్ష పడింది. బృందంగా కాగితాలు ప్రదర్శిస్తూ కూర్చుంటే రీడింగ్ రూము రీడింగ్ రూములా ఉండదని లైబ్రరీ అధిపతి వాదించారు. చదువుకోవడానికి వచ్చిన మిగతావాళ్ల వైపు నుంచి చూస్తే ఆ మాటలో పస ఉంది. కానీ నిశ్శబ్దంగా చదువుకునేవాణ్ని లైబ్రరీ నుంచి గెంటేసే పరిస్థితి వచ్చిందంటే రూల్ ఎక్కడో దారి తప్పినట్టే. హార్వర్డ్ ప్రైవేటు సంస్థ కాబట్టి రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్యం నేరుగా దాన్ని కట్టడి చేయదు. యూటీడీ ప్రభుత్వానిది కాబట్టి చేస్తుంది.

పాఠ్య ప్రణాళికల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరులో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో బాలసాహిత్యం క్లాసులో జెండర్ గురించి చెబుతుండగా ఒక విద్యార్థిని అడ్డుచెప్పిన వీడియో బయటికొచ్చింది. ఆ అధ్యాపకురాలి ఉద్యోగం పోయింది, ప్రెసిడెంట్ రాజీనామా చేశారు. నవంబరులో పాలకమండలి, జాతి, జెండర్ సిద్ధాంతాలను సమర్థించే పాఠాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. 2026 జనవరికల్లా ఆ వడపోత తత్వశాస్త్రం క్లాసులోని ప్లేటో దాకా వచ్చింది.

వీసా ఉన్నవాడి నోరు

ఈ చర్చలో అమెరికా పౌరుడికి ఒక ధీమా ఉంది. ఓడిపోయినా కోర్టు దాకా వెళ్లగలడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న తెలుగు విద్యార్థి పరిస్థితి వేరు. 2024-25లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్లలో తెలుగువాళ్ల వాటా పెద్దదని హైదరాబాద్ కాన్సులేట్ ముందు క్యూ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

2025 మార్చిలో బోస్టన్ దగ్గర టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థిని, టర్కీ దేశస్థురాలు రుమైసా ఓజ్‌టర్క్‌ను ముసుగులేసుకున్న అధికారులు వీధిలో పట్టుకెళ్లారు. ఆమె క్యాంపస్ పత్రికలో మరో ముగ్గురితో కలిసి పాలస్తీనా మీద ఒక వ్యాసం రాసింది. దానికి మించి ప్రభుత్వం చూపించిన ఆధారం లేదు. జూన్‌లో కొత్త రూలు వచ్చింది: విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసుకునేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనపడేలా తెరిచి ఉంచాలి. ఏ పోస్టు వల్ల వీసా ఆగిందో చెప్పాల్సిన పని కాన్సులేట్‌కు లేదు, సాధారణంగా దాని మీద అప్పీలు కూడా ఉండదు.

దీని ఫలితం అరెస్టుల లెక్కలో కనపడదు. ఎకరం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో పంపిన తల్లిదండ్రులు పిల్లలకు చెప్పేది ఒకటే: ఏమీ రాయకు, దేనికీ లైక్ కొట్టకు, పాతవన్నీ డిలీట్ చెయ్. ఆ సలహాలో తప్పు వెతకడం అన్యాయం. నలభై లక్షల అప్పు నెత్తిన ఉన్నప్పుడు ఎవరైనా అదే చెబుతారు. ఆ సెప్టెంబరులో బోస్టన్ ఫెడరల్ జడ్జి విలియం యంగ్, చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకూ పౌరులతో సమానమైన వాక్ స్వాతంత్ర్యం ఉందని స్పష్టంగా తీర్పు ఇచ్చారు. తీర్పు చదివి ధైర్యం తెచ్చుకుని పోస్టు పెట్టిన విద్యార్థులు ఎంతమంది ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు.

మన దగ్గర

మన దేశంలో పుస్తకాన్ని ఆపే పద్ధతి బాహాటమైనది. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి పుస్తకాన్ని జప్తు చేయవచ్చు. ఒకప్పుడు నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 95వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 98. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో 25 పుస్తకాలను జప్తు చేసింది ఈ సెక్షన్ కిందే. వలస పాలన నుంచి మిగిలిన కఠినమైన అధికారం ఇది. అయినా ఇందులో లానోలో లేనిది ఒకటుంది. ప్రభుత్వం తన అభిప్రాయానికి ఆధారాలేమిటో నోటిఫికేషన్‌లోనే చెప్పాలి. చెప్పకపోతే ఉత్తర్వు నిలవదని మన సుప్రీంకోర్టు 1972లోనే అంది. రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్తే ముగ్గురు జడ్జీల బెంచి వినాలి. మన దేశంలో మాటకు రక్షణ ఎక్కువని దీని అర్థం కాదు, చాలా తక్కువ. కానీ ఎందుకని అడిగే కిటికీ చట్టంలోనే తెరిచి ఉంది.

అనుమతుల సంగతి తెలంగాణకు బాగా తెలిసినదే. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద ముందస్తు అనుమతి కావాల్సి వచ్చేది. ఆ రాజ్యంలోనే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టి, చదువుకునే చోట్లే మాట్లాడుకునే చోట్లయ్యాయి. తెలంగాణ ఉద్యమానికి గుండెకాయలాంటిదని అందరూ చెప్పుకునే ఉస్మానియా యూనివర్సిటీలో, 2025 మార్చిలో ధర్నాలు, నినాదాలు వద్దంటూ సర్క్యులర్ వచ్చింది. కారణం చదువుకూ పాలనకూ ఆటంకమట. టెక్సస్ చట్టం రాసినవాళ్లు చెప్పిందీ అదే.

మన జిల్లా గ్రంథాలయ సంస్థల్లోంచి పుస్తకాలు తీసేశారన్న గొడవలు పెద్దగా వినపడవు. వినపడకపోవడానికి కారణం స్వేచ్ఛ కాదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద వసూలవుతుంది, స్థానిక సంస్థలు దాన్ని సరిగ్గా జమచేయవు, సంస్థకు ఛైర్మన్‌గా వచ్చేది అధికార పార్టీ మనిషి. కొత్త పుస్తకాల కొనుగోలే అప్పుడప్పుడూ జరుగుతుంది. ఆ కొనుగోలు జాబితా కమిటీలో ఖరారవుతుంది. ఏ పుస్తకం ఎందుకు పక్కకుపోయిందో రచయితకూ తెలియదు, పాఠకుడికీ తెలియదు.

టెక్సస్ కూడా ఆ దారికే వస్తోంది. 2025లో అక్కడ చేసిన ఇంకో చట్టం స్కూలు లైబ్రరీల కొనుగోళ్లను ఎన్నికైన బోర్డుల చేతుల్లో పెట్టింది. కొనదలచిన పుస్తకాల జాబితాను 30 రోజులు జనం ముందుంచి, తర్వాత బోర్డు ఓటేయాలి. దానంగా వచ్చిన పుస్తకాలకూ ఇదే తంతు. ఆ అక్టోబరులో న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే ఊళ్లో, చట్టానికి తగ్గట్టు పుస్తకాలు సరిచూసుకోవడానికి పై తరగతుల లైబ్రరీలను కొన్నాళ్లు మూసేశారు. తీసేసిన పుస్తకానికైతే 17 అని లెక్క ఉంటుంది, ఈమెయిళ్లుంటాయి, పోట్లాడే పాఠకులుంటారు. బోర్డు ఓటుకే రాని పుస్తకం కోసం కేసు వేయాలంటే, అది అక్కడ ఉండాల్సిందని ముందు ఎవరికైనా తెలియాలి.